పద్దెనిమిది మంది ఒకే మాట

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, స్టాఫ్‌రూములోనూ అంటారు. అనరా మరి. పదమూడేళ్ళుగా పరీక్ష హాళ్ళలో తిరుగుతున్నాను. క్యాలిక్యులేటర్ మూత లోపల సూత్రాలు రాసుకొచ్చినవాణ్ణి చూశాను. లేని దెబ్బకు కట్టు కట్టుకుని దాని మడతల్లో చీటీలు పెట్టుకున్న పిల్లను చూశాను. నీళ్ళ సీసా మీది కాగితం ఊడదీసి, దాని వెనక థర్మోడైనమిక్స్ మొత్తం ఎక్కించి, మళ్ళీ అతికించుకొచ్చిన మహానుభావుణ్ణీ చూశాను. ఇన్ని చూశాక ఎవరైనా బాగా రాస్తే ముందు సంతోషం కలగదు, ఎలా రాశారబ్బా అనిపిస్తుంది.

నా పేరు రూపశ్రీ. మాది వడమాలపేట. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మెకానికల్ చెబుతాను. మొన్న జనవరిలో మా డీన్ బాలసుబ్రమణ్యం గారు పిలిచి, మూడో సంవత్సరం వాళ్ళకు ఇన్నోవేషన్, ఎంట్రప్రెన్యూర్‌షిప్ సబ్జెక్టు నన్ను తీసుకోమన్నారు.

"నేను జన్మలో ఒక్క వస్తువు కూడా అమ్మలేదు సార్" అన్నాను.

"మేమెవరం అమ్మినాం? సబ్జెక్టే కదమ్మా. చెప్పేదే మన పని" అన్నారాయన.

ఆ తర్వాత తిరుపతిలో ఒక హోటల్లో మాకు ఐదు రోజుల శిక్షణ ఇచ్చారు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు మా చేత గోడ నిండా రంగు కాగితాలు అతికించాడు. చీపురు పుల్లలతో, బొరుగుల ఉండలతో గోపురం కట్టించాడు. నలభై దాటిన ప్రొఫెసర్లు నేల మీద కూర్చుని మా గోపురం ఎత్తు, మా గోపురం ఎత్తు అని పోట్లాడుకున్నారు. సాయంత్రానికి ఉండలు తినేసి సర్టిఫికెట్లు పట్టుకుని ఇంటికి పోయాం. దీన్నా నేను పిల్లలకు చెప్పాల్సింది అని బస్సులో కూర్చుని తిట్టుకున్నాను.

ఆ ఐదు రోజుల్లో నాకు నచ్చిన ముక్క ఒక్కటే ఉంది. ఏదైనా కొత్తది తయారుచేసే ముందు బయటికి పోయి, దాన్ని వాడబోయే మనుషులను అడగాలి. మీకిది కావాలా అని అడిగితే మొహమాటానికి అందరూ కావాలంటారు. కాబట్టి అలా అడక్కూడదు. పోయినసారి ఏం జరిగింది అని అడగాలి. జవాబును ప్రశ్నలోనే పెట్టి ఇవ్వకూడదు. వాళ్ళేమన్నారో వాళ్ళ మాటల్లోనే రాయాలి, మనం నగిషీలు చెక్కకూడదు. ఇది నాకెందుకు నచ్చిందంటే, మనుషులు మొదట చెప్పింది నమ్మొద్దని దాని సారం. నా స్వభావానికి సరిపోయింది.

క్లాసులో అరవై మంది. ఇద్దరిద్దరు చొప్పున ముప్పై జట్లు చేశాను. ఒక్కో జట్టు కనీసం పదిహేను మందిని కలిసి, ఒక్కొక్కరికి ఒక్కో కాగితం రాసి తేవాలి. ఇరవై మార్కులు. "కూర్చుని రాసేస్తే నాకు తెలిసిపోతుంది. నేను పరీక్ష హాలు మనిషిని" అని బెదిరించాను కూడా.

మార్చి ఆఖరుకు కాగితాలు వచ్చాయి. చదువుతుంటే ముచ్చటేసింది. తిరుమల నడకదారిలో మోకాళ్ళ నొప్పుల వాళ్ళు, గూడూరు నిమ్మకాయల మండీలో హమాలీలు, హాస్టల్లో బట్టలు ఆరని ఆడపిల్లలు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా మాట్లాడారు. ఒకరు విసుక్కున్నారు, ఒకరు నవ్వారు, అలిపిరి దగ్గర చెప్పులు కాసే ముసలామె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, దాన్ని తర్వాత క్లాసులో చదివి వినిపించాను కూడా. ఇరవై తొమ్మిది జట్లకు పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది ధారాళంగా వేశాను. ముప్పయ్యో జట్టు దగ్గర పెన్ను ఆగింది.

ఆ జట్టులో ఉన్నది అఖ్సా, భానుచందర్. వాళ్ళ ఆలోచన బాగుంది. బంగారుపాళ్యం చుట్టుపక్కల తోతాపురి మామిడి కోతలప్పుడు రసం ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రెండేసి, మూడేసి రోజులు నిలబడిపోతాయి. ఎండకు కాయ మాగిపోతుంది. వంతు ఎప్పుడొస్తుందో ఫోనులో ముందే తెలిస్తే బండి ఆ వేళకే ఇంట్లోంచి కదలొచ్చు. అంతవరకు సరే. కానీ వాళ్ళు కలిశామన్న పద్దెనిమిది మంది తోటల వాళ్ళూ ఒకే మాట చెప్పారు. ఒకే అర్థం అని కాదు, ఒకే మాటలు.

"మాకేం ఇబ్బంది లేదు. ఈ తూరి కాపు సగమే. తేనెమంచు పురుగు కొట్టింది. అమ్మాలని తొందరేం లేదు."

పద్దెనిమిది కాగితాల మీద పద్దెనిమిది సార్లు. చివర అఖ్సా చేతిరాతలో ఒక ముగింపు: ఈ సమస్య ఎవరికీ లేదని తేలింది, కాబట్టి మా ఆలోచన పనికిరాదు.

ఒళ్ళు మండింది. ఒకటి రాసి పదిహేడు దించుకోవడమే కాక, ఇక మీదట పని లేకుండా పనికిరాదని చేతులు దులుపుకోవడం. ఇద్దరినీ పిలిచాను.

భానుచందర్ కాగితాల వంక చూసి, అఖ్సా వంక చూసి, ఒక అడుగు పక్కకు జరిగాడు. "నేను పోలేదు మేడం. ముందు పేజీ టైపు చేసింది మటుకే నేను. తోటలకు పోయింది ఈమె."

"ఎవరితో పోయావు?" అని అఖ్సాను అడిగాను.

"మా నాయనతో మేడం. చిత్తూరులో ట్రాక్టరు ట్రాలీలకు వెల్డింగు కొడతాడు. ఆయనకు ఆ తట్టు తోటలన్నీ తెలుసు. రెండు దినాలు బండి మింద తిప్పినాడు."

"ఫొటోలు ఏవీ?"

"తీయొద్దన్నారు మేడం."

"ఫోన్ నంబర్లు? సంతకాలు?"

"అడిగినా. ఇయ్యలేదు."

"పద్దెనిమిది మందీ అక్షరం పొల్లుపోకుండా ఇదే అన్నారా?"

"అన్నారు మేడం. మీరే కదా వాళ్ళ మాటల్లోనే రాయమన్నారు."

నా సూత్రం నాకే అప్పజెప్పేసరికి కోపం నషాళానికి అంటింది. ఆ పిల్ల కళ్ళు దించలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు కళ్ళు దించుతారని అనుకుంటారు గానీ, ఆరితేరినవాళ్ళు దించరని నా అనుభవం. ఆ సాయంత్రమే అఖ్సా పేరు మాల్‌ప్రాక్టీస్ కింద డీన్ గారికి రాసి ఇచ్చేశాను.

మా దగ్గర మాల్‌ప్రాక్టీస్ కింద పేరెక్కితే ఆ సెమిస్టర్ మొత్తం రద్దు. అఖ్సాకు అప్పటికే చెన్నైలో ఒక కంపెనీ ఆరు నెలల శిక్షణకు పిలుపు ఇచ్చింది. జూన్‌లో చేరాలి, శిక్షణ బాగా చేస్తే చదువు కాగానే ఉద్యోగం. చేరే రోజు ఏ మచ్చా లేదని యూనివర్సిటీ నుంచి కాగితం పట్టుకుపోవాలి. మా క్లాసులో ఆ పిలుపు వచ్చింది ముగ్గురికే. అది పోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను.

రెండు రోజుల తర్వాత వాళ్ళ నాన్న ఖాదర్ బాషా వచ్చాడు. చొక్కా నిండా నిప్పురవ్వలు పడిన చిల్లులు. డీన్ గది ముందు నిలబడి, "నేనే పిల్చుకోని పోయినాను సార్. నా కండ్ల ముందరే తిరిగింది. నేను ట్రాలీల కాడ ఉండినా, ఆమె తోటల్లోకి పోయి మాట్లాడొచ్చింది" అన్నాడు. కన్నతండ్రి సాక్ష్యం చెల్లదని పంపేశారు. విచారణ వచ్చే శుక్రవారం అన్నారు. పోతూ పోతూ ఆయన నా వైపు తిరిగి ఏదో అనబోయి, నమస్కారం మాత్రం పెట్టి వెళ్ళాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆ నమస్కారానికి కరిగిపోయానని చెప్పుకోను. నన్ను తొలిచింది అఖ్సా రాసిన చివరి వాక్యం. కాపీ కొట్టేవాళ్ళు మార్కుల కోసం కొడతారు. తన ప్రాజెక్టు పనికిరాదని తానే రాసుకోవడానికి ఎవరైనా దొంగరాతలు రాస్తారా? బుధవారం ఉదయం మొదటి గంట క్లాసు చెప్పి, ఎవరికీ చెప్పకుండా చిత్తూరు బస్సు ఎక్కాను. చిత్తూరులో పలమనేరు బస్సు మారాను. పరీక్షలకు పిల్లలు తెచ్చుకునే అట్ట ఒకటి, నాలుగు తెల్లకాగితాలు సంచిలో పెట్టుకున్నాను. దొరికిపోవాల్సింది ఆ పిల్ల అబద్ధమే అనీ, దొరికితే నాకు నిద్ర పడుతుందనీ అనుకున్నాను.

బంగారుపాళ్యంలో దిగి ఆటోలో లోపలికి పోయాను. మొదటి తోటలో పంచె ఎగ్గట్టి ఒకాయన పాదులు చేస్తున్నాడు. అట్ట తీసి, పెన్ను పట్టుకుని, మామిడి ఎలా ఉందని అడిగాను. ఆయన పారకు ఆనుకుని అట్ట వంక ఒకసారి చూశాడు.

"మాకేం ఇబ్బంది లేదమ్మా. ఈ తూరి కాపు సగమే. తేనెమంచు పురుగు కొట్టింది. అమ్మాలని తొందరేం లేదు."

ఆ మాటలు అలాగే రాసుకుని ముందుకు నడిచాను. రెండో తోట దగ్గర ఒకామె స్కూటీ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా అవే నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా నా బుద్ధి ఎటు పోయిందో చెబితే మీరు నవ్వుతారు. ఆ పిల్ల నాకంటే ముందే వచ్చి వీళ్ళకు నేర్పిపెట్టి పోయిందనుకున్నాను.

మూడో తోట మునెయ్యది. డెబ్బై ఏళ్ళుంటాయి. భార్య మునిరత్నమ్మ, ఆయన తోటలోనే రేకుల ఇంట్లో ఉంటారు. మునెయ్య కూడా అట్ట వైపు చూసి అదే అన్నాడు. కానీ నేను ఈసారి ఆయన్ను కాక చెట్టును చూస్తున్నాను. అరచేతికి సరిపడా కాయలు, గుత్తులు గుత్తులు. కొమ్మలు నేలకు వాలి ఉన్నాయి.

"కాపు సగమే అంటున్నారే పెద్దాయనా, మరి ఇవేంటి?"

ఆయన తల పైకెత్తి, చెట్టును మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఇవి నిలబడవులేమ్మా" అన్నాడు.

వెనక నుంచి మునిరత్నమ్మ నవ్వింది. గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చింది. "ఆ అట్ట లోపల పెట్టుకోమ్మా. అది బయట ఉన్నంత సేపూ మా ఆయన నోట్లోంచి ఇంకో మాట రాదు."

అట్ట సంచిలో పెట్టి జిప్పు వేశాను. మునెయ్య జిప్పు పూర్తిగా పడే వరకూ చూసి, తర్వాత అరుగు మీద కూర్చున్నాడు. చెప్పింది మాత్రం ఆమే.

"రెండేండ్ల కింద మీ మాదిరే అట్టలు పట్టుకోని నలుగురు వచ్చినారు. ఎన్ని చెట్లుండాయి, కాపు ఎట్టుండాది, ఎప్పుడు కోస్తారు అని అడిగినారు. మేం ఉండేది ఉన్నట్టు చెప్పినాం. ఈడ అందురూ చెప్పినారు. విరగ్గాసిందని కొనేటోళ్ళకు తెలిసిపాయ. కోతల నాటికి కాయను అడిగేవాళ్ళు లేరు, ఇచ్చింది తీసుకోని పొమ్మన్నారు. వాళ్ళు ఎవురు పంపిన మనుషులో ఇప్పటికీ తెలీదు. అప్పుడు అందురం కూసోని మాట అనుకున్నాం. కాయితం పట్టుకోని ఎవురొచ్చినా ఇదే చెప్పల్ల. ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు."

"అందరూ ఒకేలా ఎందుకు?"

"తలా ఒకటి చెప్తే యాడో ఒక సాట దొరికిపోతాం కదమ్మా. ఒకే మాటయితే ఎవురు మాత్రం ఏం పట్టుకుంటారు?" అన్నాడు మునెయ్య.

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. అడగాల్సింది అడిగాను. ఒక ముస్లిం అమ్మాయి వచ్చిందా అని అడక్కుండా, ఈ మధ్య ఇంకెవరైనా వచ్చారా అని నా సూత్రం ప్రకారమే అడిగాను.

"ట్రాలీలకు వెల్డింగు కొట్టే బాషా లేడా, ఆయన కూతురొచ్చింది. రెండు దినాలు ఎండలో తిరిగింది. పోయినేడు మీ బండి గేటు కాడ ఎంతసేపు నిలబడినాది అని అందుర్నీ అడిగింది. ఆ పాపకూ ఇదే చెప్పినాం. బాషా మనోడే, అయినా చేతిలో అట్ట ఉండాది కదా" అంది మునిరత్నమ్మ.

"పోయినేడు ఎంతసేపు నిలబడింది మీ బండి?"

"మూడు దినాలు" అన్నాడు మునెయ్య. "అడుగు కాయంతా రసమై కారిపాయ. నేను ట్రాలీ కిందే పండుకున్నా."

అంటే ఆ పిల్ల ఆలోచన సరైనదే. ఆమె అడిగిన ప్రశ్న సరైనదే. రాసింది అక్షరాలా నిజమే. ఆమెకు వచ్చిన జవాబు మాత్రమే అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి ఆమె తన ప్రాజెక్టు కొట్టేసుకుంది, నేను ఆమెను కొట్టేశాను. 

జరిగింది ఒక కాగితం మీద రాస్తాను, సంతకం పెడతారా అని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కాయితం మింద మా పేరు వద్దమ్మా. నోటితో అయితే యాడికైనా వచ్చి చెప్తా" అన్నాడు మునెయ్య.

"ఇక్కడికి వచ్చి అడిగిన దాని గురించే ఆ పాపను పట్టుకున్నారు పెద్దాయనా. శుక్రవారం మా కాలేజీలో విచారణ. మీరొక మాట చెబితే బయటపడుతుంది."

"ఏం చెప్పమంటావు?"

నోటి దాకా వచ్చింది. ఆగాను. నేనిప్పుడు మాటలు అందిస్తే ఇది నేర్పించిన సాక్ష్యం అవుతుంది. మూడు నెలలు పిల్లలకు ఏం చెప్పానో దానికి విరుద్ధం అవుతుంది.

"అది నేను చెప్పకూడదు. వాళ్ళు అడుగుతారు, మీరే చెప్పండి."

ఆయన నిదానంగా తలూపాడు. "నాకు అర్థమయిందిలేమ్మా. ఆ పాపకు ఏమీ కాకుండా నేను చెప్తా."

ఎంత తేలికపడి బస్సెక్కానో.

శుక్రవారం పదకొండు గంటలకు మునెయ్య ఉతికిన పంచె, భుజాన తువ్వాలుతో బస్సు దిగాడు. అఖ్సా అప్పటికే లోపల ఉంది. డీన్ గారు, కమిటీలో మరో ముగ్గురు బల్లకు ఆ వైపు కూర్చున్నారు. డీన్ గారి ముందు ఆ పద్దెనిమిది కాగితాలు, పక్కన తెల్లకాగితాల కట్ట, చేతిలో పెన్ను. మునెయ్య గుమ్మంలోనే ఆ పెన్ను చూశాడు. నేను ఆయన చూపును చూశాను, కానీ నాకప్పుడు తట్టలేదు.

"కూర్చో పెద్దాయనా. ఈ అమ్మాయిని ఎప్పుడైనా చూసినావా?" అన్నారు డీన్ గారు.

మునెయ్య అఖ్సా వైపు తిరిగి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. "ల్యా సామీ. ఎప్పుడూ సూడలా."

"మీ తోటకు వచ్చి నిన్ను ఏమైనా అడిగిందా?"

"మా తట్టు ఎవురూ రాలేదు సామీ. చదువుకునే బిడ్డ, ఆమెకు ఆడేం పని."

చెప్పి, నా వైపు చూసి కనురెప్ప వాల్చాడు. మాట నిలబెట్టుకున్నాను చూసుకో అన్నట్టు. ఆ పిల్ల వాళ్ళ ఊరికి రావడమే నేరమని, దానికే పట్టుకున్నారని ఆయనకు అర్థమైంది. నేను చెప్పిన మాటలు వింటే ఎవరికైనా అలాగే అర్థమవుతుంది. అఖ్సా సంచి పట్టీని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఏడవలేదు. నన్ను చూసిన చూపు మాత్రం, ఈయన్ను పిలుచుకొచ్చి మరీ ముంచారు కదా అన్నట్టే ఉంది.

"మేడం, మీరు రాసిందే కరెక్టు. మీరు తెచ్చిన మనిషే చెప్తున్నాడు. ఇంకేముంది" అని డీన్ గారు పెన్ను మూత తీశారు.

లేచి నిలబడ్డాను.  "సార్, ఒక్క ప్రశ్న. ఆ పెన్ను చేతిలో అలాగే పట్టుకుని, ఈసారి మామిడి ఎలా ఉందని అడగండి. మీరే అడగండి."

"అదెందుకు?"

"అడగండి సార్. తర్వాత మీ ఇష్టం."

ఆయన విసుక్కుంటూ అడిగారు. మునెయ్య పెన్ను చూశాడు. కాగితం చూశాడు. చేతులు కట్టుకున్నాడు.

"మాకేం ఇబ్బంది లేదు సామీ. ఈ తూరి కాపు సగమే. తేనెమంచు పురుగు కొట్టింది. అమ్మాలని తొందరేం లేదు."

"మొదటి కాగితం చదవండి సార్" అన్నాను.

డీన్ గారు చదివారు. రెండోది తిప్పారు, మూడోది తిప్పారు. ఏడెనిమిది తిప్పి, మునెయ్యను మళ్ళీ చెప్పమన్నారు. మునెయ్య మళ్ళీ చెప్పాడు. డీన్ గారి వేలు ఆ వాక్యం కింద జరుగుతూ పోయింది, ఒక్క చోట కూడా ఆగలేదు. నేను బుధవారం ఏం చూశానో, మునిరత్నమ్మ ఏం చెప్పిందో అంతా చెప్పాను.

డీన్ గారు కాగితాలు సర్దారు. ఆయన ముఖంలో నాకు బాగా తెలిసిన కవళిక ఒకటి కనిపించింది. పరీక్ష హాల్లో నా ముఖం అలాగే ఉంటుందనుకుంటాను. "మీరే నేర్పి పిల్చుకొచ్చినారేమో మేడం."

"నేర్పి ఉంటే, ఈ అమ్మాయి వచ్చిందని చెప్పమని నేర్పి ఉండేదాన్ని సార్."

"మీరు బుధవారం ఆడికి పోయిందానికి ఏముంది ఆధారం? ఆ రోజు రిజిస్టర్లో మీ సంతకం ఉండాది."

సంతకం పెట్టే పోయాను. బస్సు టికెట్లు రెండూ అప్పుడే పారేశాను. ఏమీ లేదని చెప్పాను. గదిలో నలుగురూ నన్ను చూస్తున్నారు. అంతలో మునెయ్య, వ్యవహారం నా మీదికి తిరుగుతోందని కాబోలు, కుర్చీలోంచి సగం లేచాడు.

"ఈయమ్మ కూడా రాలేదు సామీ. నేను ఈయమ్మనూ సూడలా."

 డీన్ గారి భుజాలు కదిలాయి. నవ్వును దగ్గుగా మార్చుకుని, పెన్ను మూత పెట్టేసి, దాన్ని బల్ల అవతలికి జరిపారు. "నువ్వు పో పెద్దాయనా. ఎవురినీ ఏమీ చేయములే" అన్నారు.

అఖ్సా మీద కేసు లేదన్నారు. అయితే ఫిర్యాదు దానంతటది పోదు, రాసిన మనిషే వెనక్కి తీసుకోవాలి. విచారించుకోకుండా, అనుమానంతో మాత్రమే ఫిర్యాదు చేశానని నా చేతిరాతతో రాసి సంతకం పెట్టాను. వచ్చే సెమిస్టర్ నుంచి ఆ సబ్జెక్టు వేరే వాళ్ళకు ఇస్తామన్నారు. సంతోషంగా ఇవ్వండి అన్నాను. నిజానికి సంతోషం లేదు. ఆ సబ్జెక్టులో ఏముందో నాకు అర్థమైంది ఆ వారంలోనే.

బయట వరండాలో అఖ్సా నిలబడి ఉంది. మునెయ్య మెట్ల దగ్గర తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

"తప్పు నాది అఖ్సా. నువ్వు చెప్పినప్పుడే నేను పోయి చూసి ఉండాల్సింది. సిగ్గుగా ఉంది నాకు" అన్నాను. ఒక విద్యార్థితో ఆ మాట అనడం నాకు అదే మొదలు.

ఆమె పర్వాలేదు అనలేదు. "ఒకటి చెప్పేదా మేడం?"

"చెప్పు."

"మా క్లాసులో బయటికి పోయి అడిగిన జట్లు రెండో మూడో. తక్కినోళ్ళంతా క్యాంటీన్లో కూర్చోని రాసుకున్నారు. ఒకరిది ఇంకొకరిదానితో కలవకూడదని ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు. అలిపిరి కాడ చెప్పులు కాసే ముసలామె గురించి మీరు క్లాసులో చదివినారే, చదవతా మీ గొంతు పట్టుకుపాయ. ఆ ముసలామె లేదు మేడం. భానుచందర్ రాసిచ్చినాడు వాళ్ళకు. నాకూ పద్దెనిమిది రాసిస్తానన్నాడు. నేనే వద్దని మా నాయనతో పోయినా."

ఆ కాగితం అంచున నేను ఎర్ర సిరాతో 'చాలా బాగుంది' అని రాసి, కింద గీత కూడా గీశాను. పందొమ్మిది వేశాను.

"ఆధారం ఏం లేదు మేడం. నేను చెప్తాండానంతే" అని ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

భానుచందర్ తనను వదిలేసి పక్కకు జరిగాడు కదా, ఆ కోపంతో అంటోందా? క్లాసు మొత్తం మీద కసి తీర్చుకుంటోందా? ఇరవై తొమ్మిది జట్లలో రెండో మూడో అంటే లెక్క ఎక్కడిది, క్యాంటీన్లో ఎవరు చూశారు? ఇదంతా నా బుర్రలో తిరగడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది, ఊపిరి పీల్చుకునేంత. ఆ కాస్త సేపూ ఆమె నా ముఖాన్నే చూస్తోంది.

"పెద్దాయన్ను బస్సెక్కించాల మేడం" అని ఆమె మునెయ్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

నమ్ముతున్నాను అని నేను అనేసరికి వాళ్ళిద్దరూ కింది అంతస్తులో ఉన్నారు.